కోటలోంచి పిలిచిన గొంతు

ఆ ఆదివారం మధ్యాహ్నం పాడుబడ్డ కోట దాకా నడిచి వెళ్దామన్నది అక్కే. బడిలో బొమ్మలు గీయడం నేర్పే టీచరు కదా, కూలిన గోడ కనిపిస్తే చాలు, పెన్సిల్ తీసేస్తుంది. నేనేమో వారమంతా ఆసుపత్రి వార్డులో నిలబడి నిలబడి కాళ్లు పీకుతున్న నర్సుని. కాస్త గాలి మారుతుందని సరేనన్నాను.

దారంతా లేత ఎరుపు చిగుళ్లు. పొదల్లోంచి కుందేలొకటి దూకి మాయమైంది. వాగు దగ్గర నాలుగు జింకలు నీళ్లు తాగుతుంటే అక్క నోటి మీద వేలేసుకుని నన్ను ఆపింది. చాలాసేపు అలాగే చూస్తూ నిలబడ్డాం.

కోట దగ్గరికి వచ్చేసరికి పిట్టల కూతలు లేవు. ఎప్పుడు ఆగాయో గమనించనే లేదు. విరిగిన కమాను లోపల చీకటి. గబ్బిలాల కంపు. దాని అడుగున ఇంకో వాసన... తడి మట్టిని అప్పుడే తవ్వినట్టు. వాన పడి రెండు నెలలైంది.

నా కాల్లో ముల్లు దిగింది. రాయి మీద కూలబడ్డాను.

"నువ్వు ముల్లు తీసుకోవే. గుడ్లగూబ గూడుందేమో చూసొస్తా," అంటూ అక్క లోపలికెళ్లింది.

ముల్లు ఇంకా పూర్తిగా రానేలేదు, అక్క నా పక్కన నిలబడి ఉంది. అడుగుల చప్పుడు మాత్రం వినలేదు.

"పద," అంది.

"అప్పుడేనా? గూడుందా?"

"పద చిన్నీ."

నా చెయ్యి పట్టుకుంది. అరచెయ్యి చల్లగా, చెమ్మగా ఉంది.

పది అడుగులు వేశామో లేదో, కోటలోంచి కేక.

"చిన్నీ! ఎక్కడికే వెళ్తున్నావ్? రాయి జారింది... కాలు ఇరుక్కుంది..."

అక్క గొంతు. అచ్చం అక్క గొంతే.

పక్కనున్న అక్క తల తిప్పలేదు. పట్టు బిగించింది.

"చూడకు," గుసగుసగా అంది. "లోపల నన్నూ అలాగే పిలిచింది... నీ గొంతుతో."

ఎవర్ని నమ్మను? పక్కనున్నది అక్క మొహం, అక్క చీర, అక్క చెయ్యి. వెనకున్నది వట్టి గొంతు. ఆ చెయ్యి వదలకుండా వాగు వైపు పరుగెత్తాను. ఆ గొంతు ఏడుస్తూ... బతిమాలుతూ... వాగు దాకా వినిపిస్తూనే ఉంది. ఆ తర్వాత ఠక్కున ఆగిపోయింది. ఎవరో నోరు నొక్కేసినట్టు.

అక్కని వాళ్లింటి దగ్గర వదిలి వచ్చినా, ఆ ఏడుపు రాత్రంతా నన్ను నిద్రపోనివ్వలేదు. తెల్లవారగానే ఫారెస్టు గార్డుని వెంటబెట్టుకుని మళ్లీ కోటకి వెళ్లాను. గదులన్నీ గాలించాం. మనిషి జాడే లేదు.

"మీ భ్రమ అమ్మా," అని నవ్వాడతను. కానీ తిరిగొచ్చేటప్పుడు నాకన్నా ముందు నడిచాడు. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

అక్కణ్ణుంచి నేరుగా అక్క వాళ్లింటికెళ్లాను. వంటింట్లో అక్క కూనిరాగం తీస్తూ గిన్నెలు తోముతోంది. అది విన్నాక నా ప్రాణం కుదుటపడింది. అక్క కూతురికి నాలుగేళ్లు. హాల్లో ఓ మూల ముడుచుకుని కూర్చునుంది. ఎత్తుకున్నాను. నా మెడను గట్టిగా వాటేసుకుని, చెవిలో మెల్లగా అడిగింది.

"పిన్నీ... అమ్మ ఎప్పుడొస్తుంది?"

వంటింట్లో కూనిరాగం ఆగిపోయింది.