మిషన్ రొద కింద

"ఖాళీగా కూర్చుంటేనే పిచ్చి ఆలోచనలు. ఏదో ఒకటి కుడుతూ ఉండవే," అని అక్క సలహా చెప్పి వెళ్లిపోయింది. చెల్లెలు దర్జీ, ఇంటి ముందుగదే కొట్టు, కాబట్టి పనికి కొదవ లేదు. కొన్నాళ్లు ఆ మందు బాగానే పనిచేసింది. పోయిన కూతురు మనసులో మెదలగానే మోటారు మిషన్ పెడల్ మీద కాలేసి తొక్కేసేది. ఆ రొదలో ఏ ఆలోచనా నిలిచేది కాదు. కుట్టడానికేమీ లేనినాడు పాత దుప్పటి మీదే అడ్డదిడ్డంగా కుట్లు వేసేది. చూసినవాళ్లు నవ్వుకుంటే నవ్వుకోనీ.

ఆమెను తినేస్తున్న ఆలోచన ఒక్కటే. ఆ రోజు ఏడేళ్ల పిల్ల జ్వరంతో వెనకగదిలో పడుకుంది. ఈమె స్కూలు యూనిఫారాల మీద వంచిన తల ఎత్తలేదు. మిషన్ ఆపి వెళ్లేసరికి అంతా అయిపోయింది. పిల్ల తనను పిలిచిందా? ఆ చప్పుడులో తనకే వినబడలేదా?

ఓ మధ్యాహ్నం కాలర్ కుడుతుంటే, రొద అడుగున సన్నగా వినిపించింది.

"అమ్మా..."

కాలు తీసింది. నిశ్శబ్దం. మళ్లీ తొక్కింది.

"అమ్మా... మంచినీళ్లు..."

పిలిచిందన్నమాట! ఎన్నిసార్లు పిలిచిందో! భయం కంటే ముందు ఏడుపొచ్చింది.

"వస్తున్నా తల్లీ," అంది. కానీ లేస్తే మిషన్ ఆగుతుంది. మిషన్ ఆగితే పిల్ల ఉండదు.

చల్లారిన ఇస్త్రీపెట్టె బరువుగా పక్కనే ఉంది. దాన్ని పెడల్ మీద పెట్టింది. సూది టకటకా ఆడుతూనే ఉంది. గ్లాసుతో నీళ్లు పట్టుకుని వెనకగది తలుపు తోసింది.

మందు వాసన... ఎప్పుడో పారేసిన సిరప్ వాసన. మంచం ఖాళీ. దుప్పటి మడత కూడా నలగలేదు.

"ఎక్కడున్నావమ్మా?"

మంచం మీద కూలబడి, అలవాటుగా తలగడ నిమిరింది. చెయ్యి చురుక్కుమంది.

జ్వరం... ఇంకా తగ్గలేదు.

"అయ్యో, ఇన్నాళ్లూ ఇలాగే ఉన్నావా!" అని భోరుమంది.

ముందుగదిలో మిషన్ టక్కున ఆగిపోయింది.

వేడి మాత్రం పోలేదు. తలగడ మీద మెల్లగా జరిగి... జరిగి... ఆమె అరచేతి కిందికి వచ్చి ఒదిగింది.