వాపసు వచ్చిన టెలిస్కోపు

నేను కళ్లజోళ్లు, బైనాక్యులర్లు, టెలిస్కోపులు అమ్ముతాను. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న బోర్డు నా తలపైనే వేలాడుతుంటుంది. దాన్ని లెక్కచెయ్యని ఏకైక మనిషి మా బాబాయి.

"ఒక్క చుక్కని చూస్తే రెండు కనిపిస్తున్నాయిరా. అద్దం పోయింది," అని టెలిస్కోపు తెచ్చి బల్లమీద పెట్టాడు. ఆకాశం గురించి నాకేమీ తెలియదు కాబట్టి వెంటనే నమ్మాను. "లోపం ఉంది, సగం ధర" అని చీటీ అంటించి షాపు ముందు పెట్టాను.

మర్నాడు ఒకమ్మాయి వచ్చింది. చీటీ చదివి, నన్ను చూసి, మళ్లీ చీటీ చదివింది.

"ఏమిటండీ లోపం?"

"ఒక చుక్క రెండుగా కనిపిస్తుందండీ."

"ఏ చుక్క?"

బాబాయికి ఫోన్ చేసి ఇచ్చాను. ఆయన చెప్పిన గుర్తులు విని ఆమె నవ్వాపుకోలేకపోయింది. "అక్కడున్నవి నిజంగా రెండే! జంట నక్షత్రాలు. జబ్బు టెలిస్కోపుకి కాదు, చూసిన డాక్టరుకి."

ఆ సాయంత్రం షాపు మేడమీద నాకూ చూపించింది. ఒకటి పసుపు, ఒకటి నీలం.

"చిన్నది పెద్దదాని చుట్టూ తిరుగుతుందా?"

"రెండూ తిరుగుతాయి, మధ్యలో ఒక బిందువు చుట్టూ. కొన్ని జంటలైతే మరీ దగ్గరగా ఉంటాయి. వాటిలో ఒకటి వయసుమళ్లి ఉబ్బిపోయాక, తన సరుకంతా పక్కదానికి పోసేస్తుంది."

"ఊరికేనా?"

"ఊరికే."

"దివాలా వ్యాపారం!"

"తీసుకున్నది మాత్రం బాగుపడుతుందనుకున్నారా? మోయలేనంత తీసుకుని పేలిపోయేవీ ఉన్నాయి."

వారంపాటు రోజూ వచ్చింది. నాకు నక్షత్రాలమీద ఆసక్తి పెరిగింది. పూర్తిగా వ్యాపార దృష్టితోనే లెండి. ఎనిమిదో రోజున చెప్పింది: సోమవారం కొండమీది అబ్జర్వేటరీలో ఉద్యోగంలో చేరుతోందట. బస్సులో నాలుగు గంటలు.

"మానేయొచ్చుగా? ఇక్కడే కాలేజీలో పాఠాలు చెప్పుకోవచ్చు."

"మరి మీరేం చేస్తారు?"

"నేనా? షాపుందిగా. కదల్లేను."

"ఎంత బరువైన నక్షత్రమైనా తన జంటతోపాటు తిరుగుతుందండీ. చిన్న వృత్తమే కావచ్చు, తిరుగుతుంది. కదలకుండా కూర్చునేది జంటలో ఉండదు."

వెళ్లిపోయింది. టెలిస్కోపు కొననైనా లేదు.

నేను లాభనష్టాలు బేరీజు వేసుకున్నాను. షాపుంది, బేరాలున్నాయి, పోయిందేమీ లేదు. అలా అనుకుంటూనే ముగ్గురికి కుడికంటి అద్దం ఎడమవైపు బిగించాను.

"ఇంకెంతమంది కళ్లు పోగొడతావురా? ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లు," అంది వారం నుంచీ అన్నీ గమనిస్తున్న మా అమ్మ.

కొండమీద ఆమె తలుపు తీసి, నన్ను వదిలేసి నా చేతిలోని టెలిస్కోపుకున్న చీటీ చూసింది. పాత రాత కొట్టేసి "లోపం షాపువాడిది" అని రాసుంది.

"కొండకింద బస్టాండు పక్కన గది తీసుకున్నాను," అన్నాను. "వారానికి రెండు రోజులు ఇక్కడే షాపు."

"మిగతా అయిదూ?"

"చిన్న వృత్తమైనా చాలన్నారుగా!"

నవ్వు దాచుకుంది. "సరే. ఆదివారాలు నేను మీ ఊరికి దిగొస్తానని మీ అమ్మగారికి చెప్పండి. తర్వాత నేను వాపసు ఇచ్చేస్తానంటే మాత్రం..."

"మా బోర్డు చదవలేదా?"

"మీ బాబాయి దగ్గర తీసుకున్నారుగా?"

"తీసుకోకపోతే మీరు వచ్చేవారా?"

ఆమె చీటీని జాగ్రత్తగా పీకి, తన పుస్తకంలో పెట్టుకుంది.