తెర పట్టిన కార్యదర్శి

తెనాలిలోని ఒక కళాసమితి వార్షికోత్సవ వేదికపై ఆసీనులైనవారు, వరుసగా: అధ్యక్షులు దశరథరామయ్య గారు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి. మైకు పక్కన నిలబడినవాడు అధ్యక్షుల వారి తమ్ముని కుమారుడు, బాపట్లలో లెక్చరరు, సమితి కార్యదర్శి జశ్వంత్. వేదిక పక్కన చాటుగా నాట్యాచార్యురాలు నీరజ. ఆమె వెనుక, కట్టిన మడతలు నలుగుతాయని కూర్చోలేక గంటన్నరగా నిలబడే ఉన్న ఎనిమిదిమంది స్త్రీలు. వీరి పేర్లు ఆహ్వానపత్రికలో లేవు.

నీరజకు ఒళ్ళు మండిపోతోంది. ఏడాదిపాటు ప్రతి ఆదివారం రేపల్లె వెళ్ళి, రొయ్యలు ఒలిచే షెడ్డు వరండాలో ఆమె వీరికి కూచిపూడి నేర్పింది. ఐసు నీళ్ళలో నాని బిరుసెక్కిన ఆ వేళ్ళు ఒక ముద్ర సరిగా పట్టడానికే మూడు నెలలు పట్టింది. ఇప్పుడు కావలసింది ఇరవై నిమిషాలు. ఏడున్నర బండి తప్పితే తెల్లవారి పనికి అందుకోలేరు. అప్పటికే ఆరున్నర దాటింది.

అధ్యక్షుల వారు మైకు అందుకున్నారు. జశ్వంత్ చాటుకు వచ్చాడు.

“ఏంటండీ ఇది? ఐదున్నరకల్లా స్టేజి మాదేనన్నారు!”

“అన్నానండి. పెదనాన్న ఇంకో ఐదు నిమిషాలంటున్నారు.”

“ఆయన ఐదు నిమిషాలు నాకు తెలుసు. మీకు నోరు లేదా? ప్రోగ్రాం వివరాలంటూ షెడ్డుకి ఆరుసార్లు వచ్చినప్పుడు బానే ఉందిగా!”

“ఆరుసార్లని లెక్కపెట్టారా?”

నీరజ కోపం రెట్టింపయింది. “జోకులకి మాత్రం టైముంది మీకు!”

వరుసలో పెద్దది ఆదిలక్ష్మి. మనుమలున్న మనిషి. “గొడవెందుకమ్మా? కాళ్ళు తిమ్మిరెక్కిపోయాయి. మా ఆట వద్దంటే వద్దని చెప్పేయమను. గజ్జెలిప్పుకుని పోతాం,” అంది.

“ఎవ్వరూ విప్పొద్దు పిన్నీ. నేనే వెళ్ళి ఆ మైకు పీకేస్తాను.”

“మీరొద్దండి,” అన్నాడు జశ్వంత్, నవ్వు మాని. “మీరు పీకితే రేపు మీకు ఈ ఊళ్ళో స్టేజి ఇవ్వరు. నాకైతే పోయేది పదవేగా?”

వేదికపై దశరథరామయ్య గారు సెలవిస్తున్నారు: “పాత్ర ప్రవేశానికి తెర పట్టిన తరువాత రంగస్థలం నర్తకిది. అప్పుడు రాజైనా నోరు మెదపరాదు. అదీ మన సంప్రదాయం! ఇక నాలుగో విషయానికి వస్తే...”

పాత్ర ప్రవేశం కోసం చాటున బల్ల మీద సిద్ధంగా పెట్టిన జరీ తెర తీసి జశ్వంత్ ఒక కొన తాను పట్టుకుని, రెండో కొన నీరజకు అందించాడు.

ఇద్దరూ వేదిక మీదికి నడిచారు. ఐదు కుర్చీలకూ మైకుకూ ముందు, అధ్యక్షుల వారి మాట మధ్యలో, తెర లేచింది. మృదంగం మోగింది. చెరో కొనా పట్టుకుని నిలబడిన ఇద్దరి చూపులూ తెర పొడవునా సాగి కలుసుకున్నాయి. జశ్వంత్ పెదనాన్న వైపు తల తిప్పలేదు, తెర దించలేదు. నీరజ కోపం అక్కడే ఆగిపోయింది.

“ఏంట్రా ఇది?” అని తెర వెనుక నుంచి ఒక్క కేక. ఆ తరువాత, తాను చెప్పిన మాటే తన నోరు కట్టేయగా, అధ్యక్షుల వారు అతిథులతో సహా వేదిక దిగిపోయారు.

ఎనిమిదిమందీ ఇరవై నిమిషాలు ఆడారు. ఆదిలక్ష్మి ఆఖరి అడుగు వేసేసరికి సభంతా నిలబడి ఉంది. గజ్జెలు చేతపట్టుకుని ఆడినవారంతా స్టేషన్‌కు పరుగెత్తారు.

“నన్నే తెర వెనక పెడతావురా? ఈ క్షణం నుంచి నువ్వు కార్యదర్శివి కావు,” అన్నారు మళ్ళీ వేదికెక్కిన దశరథరామయ్య గారు.

“సరేనండి పెదనాన్నా.”

“మరి వందన సమర్పణ ఎవరు చేస్తారు?”

“నేను చేస్తానండి,” అని నీరజ మైకు అందుకుంది.

“సభకు నమస్కారం. పదవి పోతుందని తెలిసీ, పెద్దల ఎదుట తెర పట్టి, ఎనిమిదిమంది కళాకారిణుల గౌరవం కాపాడిన శ్రీ జశ్వంత్ గారికి వారందరి తరఫున కృతజ్ఞతలు. నా తరఫున చెప్పవలసినది మాత్రం ఒక్క సభలో ముగిసేది కాదు గనుక, అధ్యక్షుల వారి అనుమతితో, అందుకు జీవితకాలం వ్యవధి కోరుతున్నాను.”