అడగకుండా తెచ్చిన కొమ్మ

ఆదివారం పొద్దున చెన్నమ్మ లేవగానే కిటికీ దగ్గరున్న నీలం సీసాలోకి తొంగి చూసింది. సీసాలోని మనీ ప్లాంట్ కొమ్మ పచ్చగా నిగనిగలాడుతోంది. ఆకు వాడలేదు, వేరూ రాలేదు.

నార్సింగిలోని ఆ ఫ్లాటును కోడలు దివ్య మొక్కలతో నింపేసింది. ఎండ పడే బాల్కనీ పక్కన నిజమైనవి, వెలుతురు చాలని హాలు మూలల్లో కృత్రిమమైనవి. వాటి కుండీల్లోనూ పైన మట్టి, గులకరాళ్లు పరిచింది. వచ్చిన కొత్తలో చెన్నమ్మ అన్నింటికీ నీళ్లు పోసేసింది. దివ్య నవ్వలేదు. అత్తగారిని వెంటబెట్టుకుని తిరిగి, ఏ ఆకు ఎలా ఉందో ముట్టి చూడమంది. ఆనాటి నుంచి నీళ్లు పోయడం చెన్నమ్మ పని, దుమ్ము తుడవడం దివ్య పని.

మనీ ప్లాంట్ విషయంలో మాత్రం చెన్నమ్మకు ఒక పట్టింపు ఉంది. దాన్ని కొనకూడదు, అడిగి తెచ్చుకోకూడదు. ఎవరూ చూడకుండా తుంచుకొస్తేనే పాకుతుంది. అందుకే ఒకరోజు కింది లాబీలో వేలాడుతున్న తీగను పట్టుకుని లాగింది. అది చటుక్కున ఊడి వచ్చింది. వాచ్‌మన్ అటు తిరిగేలోగా కొంగు కింద దాచి లిఫ్టెక్కింది. భర్త సుబ్బరాయుడు పోయి ఇంకా ఏడాది తిరగలేదు. ప్రొద్దుటూరులో ఇంటికి తాళం వేసి వచ్చింది. కొమ్మ వేరు పట్టితే ఇక్కడే ఉంటానని, లేకపోతే వెళ్లిపోతానని ఆరోజే చెప్పింది. నవ్వుతూనే చెప్పింది గాని, అది నవ్వులాట కాదని ఇంట్లో అందరికీ తెలుసు.

టిఫిన్ దగ్గర ఆమె కొడుకుతో బస్సు టికెట్ మాట ఎత్తింది. యశ్వంత్ ఇడ్లీ తుంచబోతూ ఆగిపోయాడు. ఒక కొమ్మ కోసం ఎవరైనా ఊరు మారుతారా అన్నాడు. వేరు ఎందుకు రాలేదో చూస్తానని లేచి సీసాలోంచి కొమ్మను బయటికి తీశాడు. కొమ్మ మొదలు దగ్గర ఆకుపచ్చ ప్లాస్టిక్ పుల్ల, దానిలోంచి బయటికి పొడుచుకొచ్చిన సన్నని ఇనుప తీగ ఉన్నాయి. అతనికి నవ్వు ఆగలేదు.

"అమ్మా, ఇది ప్లాస్టిక్‌ది. నువ్వు పోసిన నీళ్లకు ఆ లాబీ మొత్తం వేళ్లు వచ్చినా దీనికి రావు."

చెన్నమ్మ నవ్వలేదు. కోడలి వైపు చూసింది. దివ్య ముఖంలో ఆశ్చర్యం లేదు.

"నీకు ముందే తెలుసునా పాపా?"

"తెలుసత్తా. సీసా కడిగినప్పుడు చూసినా."

"రోజూ నేను నీళ్లు పోస్తాంటే చూస్తా ఊరుకున్యావా? పిచ్చిదాన్ని చేసినట్టు కాదా?"

యశ్వంత్ నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. దివ్య చేతిలోని గిన్నెను బల్ల మీద పెట్టింది.

"చెబితే అదే సాకుగా పోతారని చెప్పలేదు. మంచిది కొని పెడదామంటే, కొన్నది మీకు లెక్కలోకి రాదు. దొంగతనం చేద్దామని గేటు పక్క ఇంటికి పోయినా. గోడ దాకా పోయి, ఎవరైనా చూస్తారేమోనని వచ్చేసినా. ఇంకోసారి కూడా పోయినా. అప్పుడూ అంతే."

చెన్నమ్మ పెదవి ఒక పక్కకు కదిలింది.

"ఆఫీసులో అంతమందిని గడగడలాడిస్తావంటనే. ఒక కొమ్మ తుంచలేకపోతివా?"

"మా అమ్మ నేర్పలేదత్తా."

"చెప్పులేసుకో. నేను నేర్పిస్తా."

టవర్ గేటు పక్కన ఒక పాత పెంకుటిల్లు మిగిలి ఉంది. అందులో ఉండే రాజమ్మ ఆ ఊరి మనిషి. ఆమె ప్రహరీ మీద మనీ ప్లాంట్ దట్టంగా పాకి ఉంది. దివ్య రోడ్డు వైపు చూస్తూ కాపలా నిలబడింది. చెన్నమ్మ ఆకును ముందు వేళ్ల మధ్య నలిపి చూసి, కణుపు కింద గోరు పెట్టింది. దివ్య రోడ్డునే చూస్తోంది గాని, రాజమ్మ లోపలి నుంచి వచ్చి గోడకు అటువైపు నిలబడింది.

"ఏందమ్మా, గిట్ల పొద్దుగాల్నే?"

దివ్య అత్తగారి వెనక్కి జరిగింది. చెన్నమ్మ మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పింది. రాజమ్మ అంతా విని, తలకు కొంగు సర్దుకుంది.

"అడిగినోళ్లకు ఇస్తే పెరగదని మా అత్త గూడ అంటుండె. జర ఆగుండ్రి." ఆమె వాళ్లకు వీపు చేసి ఇంటివైపు తిరిగింది. "నేను చూస్తలేను. ఇగ తీస్కొని ఉరుకుండ్రి."

ఇద్దరూ గేటు దాకా నిజంగానే పరుగెత్తారు. లిఫ్టులోకి వచ్చాక చెన్నమ్మ ఆయాసపడుతూ నవ్వింది. నవ్వుతూనే ఉండగా కళ్లు నిండాయి.

"మీ మామ తుంచుతాంటే నేను కాపలా ఉంటి. నేనూ నీ మాదిరే రోడ్డునే చూస్తా ఉంటి. ఆయనా దొరికిపోయినాడు."

ఆయన పోయాక ఆయన గురించి ఆమె నోరు తెరిచి చెప్పిన మొదటి మాట అది. దివ్య ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసింది.

ఇంట్లో దివ్య గాజు గ్లాసులో నీళ్లు నింపింది. చెన్నమ్మ కొమ్మను అందులో నిలిపింది. దీనికి వేరు రావాలంటే కొన్ని వారాలైనా పడుతుందని దివ్య కాస్త భయంగానే చెప్పింది.

చెన్నమ్మ గ్లాసును వెలుతురు వైపు జరిపింది.

"రానీలే, నిదానంగా. నాకేం తొందర."