వీధిలో అమ్మ అనకూడదు

"పోలీసులొచ్చారు!"

ఎవరో అల్బేనియన్‌లో అరిచారు. ఒక్కసారే.

చాలు! బుధవారం సంతలో సగం మందికి కాళ్ళకి చక్రాలొచ్చాయి.

పుచ్చకాయల లారీ మీంచి ఇద్దరు దూకారు. బస్తా చిరిగి ఉల్లిపాయలు నేలంతా దొర్లాయి. చేపలు కోసే మనిషి కత్తి బల్ల మీదే వదిలేసి గోడ దూకాడు.

లూల్యెతా మాత్రం పరుగెత్తలేదు.

కాగితాల్లేకుండా అల్బేనియా నుంచి గ్రీసుకొచ్చి ఏడేళ్ళు. పాచిపనులు చేస్తూ ఒక్క ముక్క బాగా నేర్చుకుంది... పరుగెత్తేవాళ్ళనే ముందు పట్టుకుంటారు.

అందుకే నడుస్తోంది. చేతిలో టమాటాల సంచి. ముఖం మీద బేరం కుదరని చిరాకు.

ఆమెకి పది అడుగుల వెనక ఆమె కూతురు నడుస్తోంది.

ఎర్మీరా. ఏడో ఏడు ఇంకా నిండలేదు. బడిలో పేరు ఇరీని. వీధిలోనూ ఇరీనియే. తలుపు గడియ పెట్టాక మాత్రమే ఎర్మీరా.

పది అడుగులు. ఎక్కువా కాదు, తక్కువా కాదు. అది వాళ్ళింటి చట్టం.

వీధిలో అమ్మ అనకూడదు. నాన్న అనకూడదు. అమ్మని "లూలా ఆంటీ" అనాలి. నాన్నయితే అసలు ఎవరో తెలీదు. అల్బేనియన్‌లో ఎవరేం మాట్లాడినా వినపడనట్టు ఉండాలి.

ఈ చట్టం పెట్టింది లూల్యెతా మొగుడు బర్ధిల్. "మనం దొరికితే దొరుకుదాం, పిల్ల దొరక్కూడదు. అది ఇక్కడే పుట్టింది, ఇక్కడే చదువుకుంటుంది" అన్నాడు. ఆ మాట మీదే ఉన్నాడు.

సంత చివర... నీలం వ్యాన్ అడ్డం తిరిగింది!

లూల్యెతా వెనక్కి చూసింది. అటూ వ్యానే!

ముందు నుయ్యి, వెనక గొయ్యి.

సరిగ్గా అప్పుడే బర్ధిల్ కనపడ్డాడు.

అతనిది పుచ్చకాయల లారీ దగ్గర కూలి. ఇద్దరు పోలీసులు చెరో రెక్కా పట్టుకుని లాక్కొస్తున్నారు. ఒక కాలికి చెప్పు లేదు. పెదవి చిట్లింది.

ఆమె పక్క నుంచే తీసుకెళ్ళారు. మూర దూరం! చెయ్యి చాస్తే తగులుతాడు.

చెయ్యి చాచలేదు. అతనూ చూడలేదు. తల వంచుకుని దాటిపోయాడు.

కూతురి పక్క నుంచి కూడా దాటిపోయాడు.

ఎర్మీరా పీచ్ పళ్ళ గంప వంక చూస్తూ నిలబడింది. కనురెప్ప ఆడించలేదు. కన్నతండ్రి నెత్తురోడుతూ పోతుంటే, ఏ పండు మెత్తగా ఉందో ఎంచుతున్నట్టే నిలబడింది.

ఎంత బాగా నేర్చుకుంది నా తల్లి అనుకుంది లూల్యెతా. గర్వమొచ్చింది. ఆ గర్వానికి తన మీద తనకే అసహ్యమేసింది. ఏ తల్లైనా నేర్పాల్సిన విద్యేనా అది!

ఏడవడానికి టైం లేదు.

చీజ్ కొట్టు దగ్గర ఫ్రోసో మామ్మ కనపడింది. డెబ్బై నాలుగేళ్ళ వితంతువు. ఆమె ఇంటి వెనక గదిలోనే వీళ్ళు అద్దెకుండేది. చర్చిలో ఎర్మీరాని చేతుల్లోకి తీసుకుని, ఇరీని అని పేరు పెట్టించింది కూడా ఆమే. బడి రిజిస్టర్‌లో ఉన్నది ఆమె ఇంటి పేరే.

లూల్యెతా కళ్ళతోనే చెప్పింది. ముసలమ్మకి అర్థమైంది.

చక్రాల సంచి లాక్కుంటూ గబగబా వచ్చి పాప చెయ్యి పట్టుకుంది.

"ఎక్కడ చచ్చావే? వెతకలేక కాళ్ళు పడిపోయాయి నాకు."

వ్యాన్ దగ్గరున్న కుర్ర పోలీసు అడ్డొచ్చాడు. ఎవరీ పిల్ల అన్నాడు.

"నా మనవరాలు. ఏం నాయనా, సంబంధం చూస్తావా? ఇంకో పదిహేనేళ్ళు ఆగాలి మరి."

చుట్టుపక్కల జనం నవ్వారు. పోలీసు చెవులు ఎర్రబడ్డాయి. పక్కకి తప్పుకున్నాడు.

దాటేశారు!

ఇద్దరూ మలుపు తిరిగి కనుమరుగయ్యే దాకా లూల్యెతా సంచిలో టమాటాలు లెక్కపెడుతూ నిలబడింది.

ఇక తన వంతు.

పోలీసు ఆమెని ఆపాడు. ఆమె ఆగింది. ఎక్కడుంటావ్ అన్నాడు. వీధి పేరు చెప్పింది. ఈ ఎండలో నిలబెట్టి ప్రాణం తీస్తున్నారేమిటని విసుక్కుంది. టమాటాల ధర గురించి ఇంకో రెండు తిట్లు తిట్టింది. నిఖార్సయిన గ్రీకు. ఎక్కడా యాస దొర్లలేదు.

"వెళ్ళండి, వెళ్ళండి" అన్నాడు.

ఒక అడుగు... రెండు... ఐదు...

దాటేసింది! దేవుడా, దాటేసింది!

వెనక నుంచి అదే పోలీసు గొంతు. కంగారుగా. ఈసారి అల్బేనియన్‌లో!

"అక్కా! నీ బిడ్డ పడిపోయింది!"

లూల్యెతా గిర్రున తిరిగింది.

తిరిగాక తెలిసింది. అక్కడ పడిపోయిన బిడ్డ ఎవరూ లేరు. పోలీసు చేతిలో చిన్న చీటీ ఉంది. ఎవరో రాసిచ్చిన ఆ ఒక్క వాక్యాన్ని బట్టీ పట్టాడు. నవ్వుతున్నాడు.

సంతలో వందమంది ఆడవాళ్ళున్నారు. తిరిగింది ముగ్గురు. ముగ్గురూ తల్లులే.

* * *

పోలీసు స్టేషన్ వెనక పెరడు. రెండు బస్సులు. మగవాళ్ళ బస్ అప్పటికే గేటు దాటుతోంది. ఒక కిటికీలోంచి చెయ్యొకటి ఊగింది. అది బర్ధిల్‌దో కాదో తెలియలేదు. తెలియకుండానే వెళ్ళిపోయింది.

ఆడవాళ్ళ బస్ ఒంటిగంటకి. ఇప్పుడు పన్నెండూ నలభై.

సరిహద్దు దాకా ఆరు గంటలు. అవతల దింపేస్తారు. మళ్ళీ రావాలంటే కొండలే దిక్కు. రాత్రుళ్ళు నడక, పగళ్ళు పొదల్లో పడక. కిందటేడు ఆ కొండల్లోనే లూల్యెతా తమ్ముడు మంచులో గడ్డకట్టుకుపోయాడు. అంతకుముందు బర్ధిల్‌ని ఒకసారి పంపేస్తే తిరిగి రావడానికి ఐదు నెలలు పట్టింది.

ఐదు నెలలు! పిల్ల ఎవరి పక్కన పడుకుంటుంది? ఫ్రోసో మామ్మకి గుండె జబ్బు. రాత్రి ఆమెకేమన్నా అయితే పిల్ల ఎవరిని పిలుస్తుంది? వీధిలోకెళ్ళి ఎవర్నీ పిలవకూడదని నేర్పింది తనే కదా!

అప్పుడొచ్చాడు సార్జెంట్. పెద్ద వయసు మనిషి. మెడలో కళ్ళజోడు, చేతిలో కాగితం. బస్ మెట్టెక్కి, లెక్కలు చెప్పే మాస్టారిలా నెమ్మదిగా చదివాడు.

ఇక్కడి బడిలో పిల్లలున్న తల్లులు ఎవరైనా ఉంటే దిగొచ్చట. బిడ్డని చూపించాలి. చూపిస్తే ఈ పూటకి ఇంటికి పంపేస్తారు. ఈ దేశంలో ఉండే కాగితాలకి అర్జీ పెట్టుకోవచ్చు.

బస్‌లో ఎవరూ కదల్లేదు. పోలీసు మాట నమ్మి పిల్లల్ని బయటపెట్టే పిచ్చిది ఎవరు?

లూల్యెతా అతని కళ్ళలోకి చూసింది. పొద్దున సంతలో ఆ కుర్రాడి కళ్ళు చూసింది. ఇవి అలాంటివి కావు.

లేచింది.

"నాకుంది సార్. కూతురు."

ఎక్కడుంది అని అడిగేలోపే గేటు దగ్గర గొడవ. చక్రాల సంచితో ఫ్రోసో మామ్మ! పక్కన ఎర్మీరా! లూల్యెతా ఎంతకీ రాకపోయేసరికి ముసలమ్మ ఇంట్లో కూర్చోలేకపోయింది. బతిమాలో, తిట్టో లూల్యెతాని విడిపించుకుపోదామని వచ్చింది.

అదృష్టం అంటే ఇదీ!

"అదిగో సార్! అదే నా కూతురు!" అంటూ బస్ దిగింది.

కుర్ర పోలీసు పకపకా నవ్వాడు. పొద్దున ఈ ముసలావిడ తన మనవరాలంది కదా, ఇంతలోనే తల్లి ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చిందన్నాడు.

అబద్ధమాడానని ఒప్పుకుంది ఫ్రోసో మామ్మ. పిల్లకి పేరు పెట్టినప్పుడు తల్లి పేరు రాసిన పుస్తకం చర్చిలో ఉంది, ఫాదర్‌ని తీసుకొస్తానంది. ఫాదర్ పొలానికెళ్ళాడు, సాయంత్రానికి గానీ రాడు.

సార్జెంట్ గడియారం చూసుకున్నాడు. పన్నెండూ యాభై.

"ఒంటిగంటకి బస్ కదలాలి పెద్దమ్మా. నా చేతుల్లో ఉన్నది అంతే. ఇంత గొడవెందుకు? పిల్లనే అడుగుదాం. పిల్లలు అబద్ధం చెప్పరు."

గొంతుక్కూర్చున్నాడు. పాప ఎత్తుకి దిగాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"భయపడకమ్మా. నిన్నెవరూ ఏమీ అనరు. ఈ ఆంటీ ఎవరు?"

ఎర్మీరా అమ్మ వంక చూసింది. నిండుగా చూసింది.

"చెప్పమ్మా" అంది లూల్యెతా. "చెప్పు బంగారం. చెప్తే ఇంటికెళ్ళిపోదాం."

పాప సార్జెంట్ వైపు తిరిగింది.

"లూలా ఆంటీ. మా మామ్మ ఇల్లు ఊడవడానికి వస్తుంది."

లూల్యెతాకి అప్పుడు గుర్తొచ్చింది.

ఆట!

ప్రతి ఆదివారం రాత్రి, గడియ పెట్టాక, ముగ్గురూ ఆడే ఆట! బర్ధిల్ టోపీ పెట్టుకుని పోలీసవుతాడు. తియ్యగా అడుగుతాడు. లూల్యెతా ఏడుస్తుంది... చెప్పమ్మా, నేనే మీ అమ్మని, చెప్తే వదిలేస్తారు అని. పాప చెప్పకూడదు. ఎంత ఏడ్చినా చెప్పకూడదు. ఐదేళ్ళప్పుడు ఒకసారి ఆగలేక వచ్చి కావలించుకుంది. బర్ధిల్ కోప్పడ్డాడు. ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడూ ఓడిపోలేదు.

అన్నీ ఆలోచించారు. పోలీసు నిజంగానే మంచివాడు కావచ్చన్నది మాత్రం వాళ్ళ ఆటలో లేదు.

"ఇరీనీ, ఇది ఆట కాదే పిచ్చి మొద్దూ!" వాళ్ళ ఆట సంగతి తెలిసిన ఫ్రోసో మామ్మ పాప భుజాలు పట్టి ఊపేసింది. "మీ అమ్మే! చెప్పు!"

పాప పెదవులు బిగించింది. మామ్మ కూడా ఆటలోకి వచ్చిందనుకుంది.

లూల్యెతా మోకాళ్ళ మీద కూలబడింది. సొంత భాషలో, వీధిలో ఏడేళ్ళుగా ఎత్తని భాషలో, మొత్తుకుంది. ఎర్మీరా, నా తల్లీ, నాన్న నిజంగా వెళ్ళిపోయారు, ఇది నిజం, ఒక్కసారి అమ్మా అను...

పాప ముఖంలో ఏ మార్పూ లేదు. ఆ భాషే వినపడనట్టు గేటు వంక చూసింది. గౌను అంచుని పట్టుకున్న వేళ్ళు మాత్రం తెల్లబడ్డాయి.

సార్జెంట్ రెండోసారి అడిగాడు.

"తెలీదండీ" అంది పాప.

"చూశారా సార్?" అన్నాడు కుర్రాడు. "వీళ్ళ నాటకాలు మీకు తెలీవు."

సార్జెంట్ నెమ్మదిగా లేచాడు. టోపీ పెట్టుకున్నాడు. లూల్యెతా వంక చూడలేకపోయాడు. ఎక్కించమన్నాడు.

ఇంజన్ స్టార్టయింది!

జబ్బ పట్టి లాగుతున్నారు. ఒక మెట్టు... రెండో మెట్టు...

లూల్యెతా వెనక్కి తిరిగింది. నోటి దాకా వచ్చింది కేక. ఇంకొక్క కేక వేస్తే, ఈ ఏడుపు ఉత్తుత్తిది కాదని పిల్లకి తెలిసిపోతుంది.

తెలిస్తే?

బస్ ఎలాగూ ఆగదు. పిల్లకి మాత్రం జన్మంతా తెలిసే ఉంటుంది... ఆ రోజు నా ఒక్క మాటతో మా అమ్మ వెళ్ళిపోయింది అని.

పాప కళ్ళు మెరుస్తున్నాయి. ఆట అయిపోయాక వచ్చే మాట కోసం చూస్తోంది.

లూల్యెతా కేకని మింగేసింది. కొంగులేని ఆ దేశపు బట్టల్లో, జాకెట్టు చేతితోనే ముఖం తుడుచుకుంది. నవ్వింది. ఎలా నవ్విందో ఆ దేవుడికే తెలియాలి.

"శభాష్ ఇరీనీ" అంది. గ్రీకులోనే.

తలుపు మూసుకుంది.

వెనక అద్దంలోంచి చూసింది. గేటు దగ్గర ఫ్రోసో మామ్మ నేల మీద చతికిలబడిపోయింది. పక్కన పాప నిటారుగా నిలబడి ఉంది. ఆదివారాల్లో లాగే ఈ ఆట కూడా తనే గెలిచిందన్న సంతోషం ముఖం నిండా.

చెయ్యి మాత్రం ఊపలేదు. వీధిలో ఊపకూడదు.