నిలబడే ఉన్న గౌను

పరుగు!

అపొలీన్‌కి ఊపిరి అందడం లేదు. వెనక బూట్ల చప్పుడు... దగ్గరవుతోంది!

కింద హాల్లో వయొలిన్లు. ముసుగుల డాన్సు. పారిస్‌లోని పెద్దింటి వాళ్ళంతా అక్కడే ఉన్నారు.

పైన, ఈ చీకటి వరండాలో, ఆమె వెనక గస్పార్. ఇంటి దొరసాని లువీజ్‌కి తమ్ముడు. చేతిలో పిస్టల్!

కేక వెయ్యలేడు. నౌకర్లను పిలవలేడు. పిలిస్తే, అక్కగారి వజ్రాల నెక్లెస్ తన పెట్టెలో ఎందుకుందో చెప్పాలి.

ఆ నెక్లెస్ ఇప్పుడు అపొలీన్ నడుముకు కట్టుకున్న సంచిలో ఉంది. దాన్ని కాజేశాడనే ఆమె మొగుడు ఆన్సెల్మ్‌ని జైల్లో వేశారు. నగల్లో రాళ్ళు పొదిగేవాడు. తెల్లారితే ఉరి.

సంగీతం గది. దూరింది. అవతల నౌకర్ల మెట్లకి చిన్న తలుపు...

ఆ తలుపులో అపొలీన్ ఇరుక్కుపోయింది!

ఈ డాన్సులోకి దూరడానికి, తను కుట్టుపని చేసే కొట్టులోంచి అడక్కుండా తెచ్చిన గౌను. నడుముకి అటూ ఇటూ, గౌనుని విప్పార్చి నిలబెట్టే తిమింగలం ఎముకల పంజరం. మంచమంత వెడల్పు. ముందుకు పోదు... వెనక్కి రాదు.

సంచిలో కత్తెర!

తాళ్ళు తెగాయి. గౌను కిందనుంచి జారి, లోపావడాతో గదిలోకే పాకింది. తల మీది నల్లముసుగు దాని మీద కప్పింది. తెర వెనక నక్కింది.

తలుపు సందులో గౌను అలాగే నిలబడి ఉంది.

గస్పార్ వచ్చాడు. చూశాడు. నవ్వాడు.

"ఏమ్మా, ఇరుక్కున్నావా? ఇటిచ్చెయ్. నీ మొగుడెలాగూ పోతాడు. నువ్వు కూడా ఎందుకు చావడం?"

గౌను పలకలేదు.

"నిన్నే! చెవుడా?"

పిస్టల్ గురిపెట్టాడు.

"సరే. నీ ఖర్మ."

ఢాం!

కింద వయొలిన్లు ఆగిపోయాయి. గస్పార్ ముసుగు లాగాడు. ఖాళీ!

అప్పుడే కొవ్వొత్తితో దొరసాని లువీజ్ వచ్చింది. అపొలీన్ ప్రాణం లేచొచ్చింది. తెర వెనకనుంచి ఒక్క దూకు దూకింది.

"అమ్మగారూ! మీ నెక్లెస్ ఇదిగో! మీ తమ్ముడే దాచాడు!"

లువీజ్ నెక్లెస్ వైపు చూడనైనా చూడలేదు. తలుపు గడియ పెట్టింది. తమ్ముడి వైపు తిరిగింది.

"వెధవా! ఆమ్‌స్టర్‌డామ్‌లో అమ్మి రమ్మంటే ఇంకా ఇంట్లోనే పెట్టుకున్నావా?"

అపొలీన్ నెక్లెస్ వెనక్కి లాక్కుంది.

"మరి... మా ఆయన?"

"ఎవరో ఒకరు దొంగ కావాలి కదే! పేకాటలో చేసిన అప్పులకి అమ్ముకుంటున్నానని మా ఆయనకి చెప్పుకోనా?" లువీజ్ గొంతులో విసుగు తప్ప మరేం లేదు. "గస్పార్! నింపు ఆ పిస్టల్ని."

గస్పార్ కంగారుగా నింపుతున్నాడు. మందుగుండు సగం నేలపాలు. గుండు లోపలికి దించుతున్నాడు...

ఆలోచించడానికి టైం లేదు!

అపొలీన్ కొవ్వొత్తి లాక్కుంది. కిటికీ తలుపులు తోసింది. చలిగాలి ఈడ్చి కొట్టింది.

కింద కాగడాలు, గుర్రబ్బండ్లు. పేలుడు విని బయటికొచ్చిన అతిథులు. వాళ్ళ మధ్య దొరగారు.

నెక్లెస్ మెడలో వేసుకుంది. కొవ్వొత్తి ఆరిపోకుండా చెయ్యి అడ్డుపెట్టి, వెలుగు గొంతు దగ్గరికి తెచ్చింది.

"దొరసానిగారి వజ్రాలు దొరికాయి!" గొంతు చిరిగేలా అరిచింది.

ముఖాలన్నీ పైకి లేచాయి.

"లువీజ్!" దొరగారి కేక. "నిజమేనా?"

లువీజ్ కిటికీ దగ్గరికి రాక తప్పలేదు. పక్కన లోపావడాలో వణుకుతున్న కుట్టుమనిషి. ఆమె మెడలో ధగధగలు.

"మా ఆయన తియ్యలేదని చెప్పండి," అంది అపొలీన్, కిందనుంచి చూపు తిప్పకుండా. "గట్టిగా."

వెనక... క్లిక్! గస్పార్ పిస్టల్ ఎత్తాడు.

లువీజ్ నవ్వింది. కిందికి చెయ్యి ఊపింది.

"అవునండీ, దొరికాయి! పాపం, ఆ పనివాడు తియ్యలేదు. ఇప్పుడే మనిషిని పంపి విడిపించండి!"

తర్వాత, నవ్వు చెదరకుండానే, పళ్ళ బిగువున తమ్ముడితో అంది.

"దించు. అందరూ చూస్తున్నారు."