మూడేళ్లుగా గీత లేదు

విమానాల ఎత్తులు నిర్ణయించే ఉద్యోగం హైమవతిది. సూర్యాపేట మీదుగా వెళ్లే పదకొండున్నర విమానాన్ని మూడు వేల అడుగులు కిందికి దింపించింది. విమానాల వెనక గీతలు పడకుండా చూసే చారనివారిణి యంత్రం అలాగే చెప్పింది. పైపొరలో చలీ తేమా రెండూ ఉన్నాయి. ఇంజను వదిలే ఆవిరి అక్కడ మంచుపలుకులై తెల్లని గీత కడుతుంది. అలాంటి గీతలు పరుచుకుని భూమి వేడిని పైకి పోనివ్వవని, మూడేళ్లుగా దేశం మీద ఒక్కదాన్నీ పడనివ్వడం లేదు. గీతల్లో విషం చల్లుతున్నారన్న పుకారు కూడా దీంతో చచ్చిపోతుందని అధికారులు సంబరపడ్డారు. పుకార్లు అంత తేలిగ్గా చస్తాయా!

ఆ సాయంత్రం ఆమె సూర్యాపేటలో అన్నగారింటికి పరుగెత్తింది. కిటికీలన్నిటికీ నల్లపట్టాలు. అన్న కూతురు శ్రీహితకు ఐదేళ్లు. మంచం దిగుతుంటేనే కాలెముక విరిగింది. ఎండ తగలక ఎముకలు మెత్తబడ్డాయని, ఇలాగే ఉంటే రెండో కాలూ దక్కదని డాక్టరు చెప్పాడు. ఆయనిచ్చిన చుక్కల మందును, అందులో ఏం కలిపారోనని వదిన సుభద్ర తొట్లో పారబోసింది.

"ఇంతకుముందు ఎండకు పంపేదానివి గద వదినె?"

"అప్పుడు గీత కనవడేది. కనవడంగనే పిల్లను లోపలికి తెచ్చేదాన్ని, అది పోయినంక ఇడ్సేదాన్ని. ఇప్పుడు ఎప్పుడు చల్లుతుండ్రో నాకెట్ల తెలుస్తది?"

ఇన్నాళ్లూ హైమవతి తన పని చూసుకుని ఎంత మురిసిపోయింది! ఆ గీత చలికాలంలో మన నోటినుంచి వచ్చే ఆవిరి లాంటిదేనని గంటసేపు నచ్చజెప్పింది. సుభద్ర తల ఊపింది తప్ప ఒక్క ముక్కా చెవికెక్కించుకోలేదు.

"సరే. గీత చూపిస్త. అది పోయినంక పాపను పంపుతవా?"

"పంపుత. పిల్లమీద ఒట్టు."

తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది. అయినా హైమవతి మర్నాటి ఎత్తుల పట్టికలో ఒక్క విమానాన్ని చలి ఉండి తేమ తక్కువున్న పొరలోకి ఎక్కించింది. అక్కడ గీత పుడుతుంది కానీ నిలవదు.

మర్నాడు పట్టా అంచు ఎత్తి ఇద్దరూ కిటికీ దగ్గర నిలబడ్డారు. పాప సుభద్ర చంకలో ఉంది.

"పదీ ఇరవైకి వస్తది. ఐదు నిమిషాల్ల పోతది, చూడు వదినె."

సరిగ్గా పదీ ఇరవైకి తెల్లని గీత సాగింది. ఐదు నిమిషాలకు ఆనవాలు లేకుండా కరిగిపోయింది. హైమవతికి సంతోషంతో ఏడుపొచ్చింది. పాప మంచి కాలికి చెప్పు తొడిగి, "దా బిడ్డా, ఎండల కూసుందాం" అంటూ చేతులు చాచింది.

సుభద్ర పాపను ఇవ్వలేదు. ఆమె ఆకాశంకేసి చూడటం ఎప్పుడో మానేసింది. ఆడబిడ్డ ముఖంలోకే చూస్తోంది.

"నువ్వు చెప్పిన యాళ్లకు వచ్చింది. చెప్పిన యాళ్లకు పోయింది. అంటే అంతా మీ చేతులనే ఉన్నది." పట్టా అంచు కిందికి దించేసింది. "మీరే చల్లుతుండ్రని అందరు అంటుంటే, మా ఆడబిడ్డ అసుమంటిది కాదని కొట్లాడిన గదనే."

పాపను గుండెకు అదుముకుని లోపలి గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది.

"అత్తా, చెప్పు తొడిగినవు గద! పోదాం రా!" అని లోపలినుంచి శ్రీహిత పిలుస్తూనే ఉంది.